డ్రిప్ చుక్కలు లెక్కపెట్టడం మళ్లీ నేర్చుకోండి

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నాను. మా సంఘం ద్వారా ఆఫ్రికాలో మలావీ దేశంలోని ఒక పల్లె మిషన్ ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసే అవకాశం వచ్చింది. జనవరిలో చేరమంటున్నారు. 150 పడకలు, ఇద్దరే డాక్టర్లు అట. అక్కడ రోజు ఎలా గడుస్తుంది? నా ఐసీయూ అనుభవం పనికొస్తుందా? ఏమేం పట్టుకెళ్లాలి? అమ్మ భయపడుతోంది. ఆమెకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

సమాధానం: అమ్మా, మీ అనుభవం తప్పకుండా పనికొస్తుంది. ఆరేళ్ల ఐసీయూ మీకు ఇచ్చిన అసలు ఆస్తి మీ కన్ను. మనిషి దిగజారిపోతున్నాడని గంట ముందే పసిగట్టే కన్ను ఏ దేశంలోనైనా అరుదే. కానీ మీ చేతులు ఇన్నాళ్లూ డ్రిప్ వేగాన్ని తనే నడిపే ఇన్ఫ్యూజన్ పంపుకి, మానిటర్ అలారానికి అలవాటు పడ్డాయి. అక్కడ అవి ఉండవు, ఉన్నా ఒకటో రెండో. పంపు చేసే పని మీ బొటనవేలు, సెకన్ల ముల్లు ఉన్న వాచీ చేయాలి. అందుకే వెళ్లేలోగా ఉన్న ఈ రెండు నెలల్లో పెద్ద పుస్తకాలు చదవడం కన్నా, నర్సింగ్ మొదటి ఏడాదిలో నేర్చుకుని వదిలేసిన పనులు మళ్లీ చేతికి తెచ్చుకోండి.

మీరు చేరే నెల చూసి చెబుతున్నాను. మలావీలో వానలు నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉంటాయి. జనవరి నుంచి మార్చి వరకు మలేరియా ఉధృతి. పాత మొక్కజొన్న అయిపోయి, కొత్త పంట ఇంకా ఇంటికి రాని ఆకలి నెలలు కూడా అవే. పిల్లల వార్డులో ఒక్కో మంచానికి ఇద్దరు, ముగ్గురు పిల్లలు ఉంటారు. తల్లులు మంచాల మధ్య నేలమీద పడుకుంటారు. రాత్రి ఆ వార్డంతటికీ ఒక నర్సు, ఒక అటెండెంటు ఉండటం మామూలే. మీకు పని నేర్పేదీ, మిమ్మల్ని అలసగొట్టేదీ ఆ వార్డే కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను. ఇక్కడ చెప్పే మోతాదులు ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతివి. అక్కడ గోడమీద అంటించిన చార్టులో తేడా ఉంటే ముందు దాని గురించి అడగండి.

డ్రిప్‌తో మొదలుపెడదాం. పెద్దల డ్రిప్ సెట్టులో మి.లీ.కి 20 చుక్కలు. గంటకు ఎన్ని మి.లీ. పోవాలో ఆ అంకెను మూడుతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుక్కలో వస్తుంది. 10 కిలోల బిడ్డకు గంటకు 40 మి.లీ. అంటే నిమిషానికి 13 చుక్కలు. సన్న చుక్కల మైక్రో సెట్టు దొరికితే మి.లీ.కి 60 చుక్కలు కాబట్టి గంటకు ఎన్ని మి.లీ. అయితే నిమిషానికి అన్ని చుక్కలే. లెక్క తేలికే, నిలబెట్టుకోవడమే కష్టం. తల్లి పాలివ్వడానికి బిడ్డను ఒళ్లోకి తీసుకుంటుంది, మోచెయ్యి ముడుచుకుని డ్రిప్ ఆగుతుంది. ఆగింది కదా అని ఎవరో గొట్టం మీది చక్రం పూర్తిగా తిప్పేస్తారు. చెయ్యి చాపగానే అరలీటరు సెలైన్ గంటలో లోపలికి పోతుంది. రక్తం బాగా తగ్గి హిమోగ్లోబిన్ 3 ఉన్న బిడ్డ గుండె దాన్ని మోయలేదు. దీనికి పాత నర్సుల ఉపాయం ఒకటుంది. సీసా తగిలించే ముందే ఎక్కువైన ద్రవం పారబోసి, వచ్చే మూడు నాలుగు గంటలకు సరిపడా మాత్రమే ఉంచండి. పక్కన ప్లాస్టర్ ముక్క నిలువుగా అంటించి, ఏ గంటకు ఎంత మట్టానికి దిగాలో గీతలు పెట్టండి. చక్రం ఎవరు తిప్పినా ప్రాణం మీదికి రాదు.

ఇదే సందర్భంలో ఒక పాత అలవాటు వదులుకోవాలి. చేతులు చల్లబడిన జ్వరం బిడ్డను చూడగానే గబగబా ఫ్లూయిడ్ ఎక్కించాలనిపిస్తుంది. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లల మీద చేసిన ఫీస్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. అలా వేగంగా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో చనిపోయినవారు నూటికి పదిన్నర మంది. ఎక్కించనివారిలో ఏడుగురి పైచిలుకు. పెద్ద ఐసీయూ, వెంటిలేటర్ వెనక ఉన్నప్పుడు పనికొచ్చే పద్ధతి అవి లేనిచోట ప్రాణం తీయవచ్చు. విరేచనాలతో ఎండిపోయిన బిడ్డ సంగతి వేరు, ఆ బిడ్డకు ద్రవం కావాలి, దానికి వేరే లెక్క ఉంది. ఈ రెండింటి తేడా గుర్తుపట్టడమే అక్కడ మొదటి పాఠం.

షుగర్. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా, పాలు తాగడం మానేసినా, ఎవరినీ అడగకుండా ముందు షుగర్ చూడండి. అక్కడి గ్లూకోమీటర్లు మిల్లీమోల్‌లో చూపిస్తాయి. మనకు అలవాటైన అంకె రావాలంటే 18తో హెచ్చించాలి. 2.1 అంటే మన లెక్కలో 38. తెరమీద 2.1 చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించాల్సిన పని లేకుండా ఇప్పటినుంచే మనసులో మార్చుకోవడం అలవాటు చేసుకోండి. 10% డెక్స్‌ట్రోస్ కిలోకి 5 మి.లీ. ఇవ్వాలి. స్టోర్‌లో దొరికేది తరచూ 50%దే. 10 మి.లీ. డెక్స్‌ట్రోస్‌కు 40 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపితే 10 కిలోల బిడ్డకు సరిగ్గా ఒక మోతాదు. అరగంటలోపు మళ్లీ చూడండి. నరం దొరకకపోతే చెంచాడు పంచదార రెండు చుక్కల నీటితో తడిపి నాలుక కింద పెట్టండి. పది ఇరవై నిమిషాలకు మళ్లీ పెట్టవచ్చు.

తీవ్రమైన మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ సూదిమందు మీరు హైదరాబాద్‌లో అప్పుడప్పుడు చూసి ఉంటారు. అక్కడ వానాకాలం రాత్రుల్లో అదే పని. 60 మి.గ్రా. పొడి సీసాలో ముందు పెట్టెలో వచ్చిన బైకార్బొనేట్ 1 మి.లీ. పోసి, నీళ్లలా తేటపడేదాకా ఊపాలి. మబ్బుగా ఉంటే వాడకూడదు. తేటపడ్డాక నరానికైతే 5 మి.లీ. సెలైన్ కలపాలి, అప్పుడు మి.లీ.కి 10 మి.గ్రా. కండకైతే 2 మి.లీ., అప్పుడు మి.లీ.కి 20 మి.గ్రా. 20 కిలోలలోపు పిల్లలకు కిలోకి 3 మి.గ్రా., ఆ పైన 2.4. చేరినప్పుడు ఒకటి, 12 గంటలకు ఒకటి, 24 గంటలకు ఒకటి, ఆపైన రోజుకొకటి. కలిపింది గంటలోపు వాడేయాలి. పొరపాటు జరిగేది ఎక్కడంటే, రాత్రి నర్సు కండకని కలిపి, బల్లమీద పెట్టిన సీసాను ఇంకొకరు నరానికి కలిపిందనుకుంటారు. మోతాదు రెట్టింపు అయిపోతుంది. సీసామీద ప్లాస్టర్ అంటించి, టైము, బలం రాయకుండా చెయ్యి వదలకండి. కొన్ని కంపెనీల సీసాల్లో కలిపే ద్రవం వేరుగా ఉంటుంది, పెట్టెలోని కాగితం ప్రతిసారీ చదవండి. కనీసం మూడు మోతాదులు అయ్యాక, బిడ్డ మింగగలిగితే మాత్రల పూర్తి కోర్సు ఇచ్చి పంపాలి. ఈ మందు తర్వాత కొందరిలో వారం రెండు వారాలకు రక్తం మళ్లీ పడిపోతుంది. తిరిగి రమ్మని తల్లికి చెప్పడమే కాదు, ఆ మాట హెల్త్ పాస్‌పోర్టులో రాయండి.

హెల్త్ పాస్‌పోర్టు అంటే మలావీలో ప్రతి మనిషి దగ్గరా ఉండే చిన్న పుస్తకం. టీకాలు, పాత జబ్బులు, ఇచ్చిన మందులు అన్నీ అందులోనే. కేసు షీటు ఆసుపత్రిలో పోవచ్చు, ఆ పుస్తకం మాత్రం ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇంటిదాకా భద్రంగా వెళుతుంది. రోగిని ముట్టుకునే ముందు దాని చివరి నాలుగు పేజీలు తిరగేయండి.

రక్తం విషయానికొస్తే, హిమోగ్లోబిన్ 4 కన్నా తక్కువైనా, 6లోపు ఉండి ఊపిరి కష్టమైనా ఎక్కించాలి. హోల్ బ్లడ్ (భాగాలుగా విడదీయని రక్తం) అయితే కిలోకి 20 మి.లీ., నాలుగు గంటల్లోపు. 10 కిలోలకు 200 మి.లీ. అన్నమాట. సంచిలో 450 ఉంటుంది, మిగిలింది ఎక్కిస్తే మంచిదేగా అనుకోకూడదు. బ్యాంకులో నిల్వ లేని రాత్రి బంధువులే దాతలు. రక్తం పరీక్షలయ్యి వచ్చేలోగా బిడ్డకు ఆక్సిజన్ పెట్టి, షుగర్ చూసి, తల ఎత్తుగా పెట్టి ఉంచడమే మీ పని.

గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసే యంత్రం, అంటే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఒకటే ఉంటే దానికి స్ప్లిటర్ తగిలించి నలుగురైదుగురు పిల్లలకు పంచుతారు. పసికందుకు నిమిషానికి అర నుంచి ఒక లీటరు, ఏడాదిలోపు వాళ్లకు ఒకటి రెండు లీటర్లు చాలు. నెలలు నిండని శిశువుకు ఆక్సిజన్ పెట్టినప్పుడు ఆక్సిమీటర్ అంకెను 90 నుంచి 95 మధ్య ఆపండి, వంద చూసి సంతోషించకండి, కళ్లు దెబ్బతింటాయి. యంత్రాన్ని గోడకు ఆనించి పెట్టకూడదు, జానెడు పైన ఖాళీ ఉండాలి. బయటి స్పాంజి ఫిల్టర్ వారానికోసారి సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎర్రమట్టి దుమ్ము, పొలాలు కాల్చిన మసి ఉంటాయి కాబట్టి ఇంకా తరచుగా కడగాలి. ఫిల్టర్ మూసుకుపోయినా యంత్రం చప్పుడు చేస్తూనే ఉంటుంది, గాలి వస్తూనే ఉంటుంది, అందులో ఆక్సిజన్ మాత్రం తగ్గిపోతుంది. హెచ్చరిక దీపం కాలిపోయి ఉంటే ఎవరికీ తెలియదు. అందుకే ప్రతి షిఫ్టులో ఆక్సిమీటర్‌తో పిల్లల్ని చూడాలి. కరెంటు పోయినప్పుడు సిలిండర్‌కు మార్చే స్పానర్ ఎక్కడ ఉందో మొదటి రోజే చూపించమనండి. చీకట్లో స్పానర్ వెతికే పది నిమిషాలే అన్నిటికన్నా ఖరీదైనవి.

బక్కచిక్కిన పిల్లల వార్డులో వాళ్ల కోసమే తయారుచేసిన ఎఫ్-75 పాలు మూడు గంటలకోసారి, రాత్రి కూడా పట్టాలి. వాపులు లేని బిడ్డకు కిలోకి రోజుకు 130 మి.లీ. చొప్పున, 5 కిలోలుంటే విడతకు 80 మి.లీ. పైచిలుకు వస్తుంది. వాపులు బాగా ఉంటే కిలోకి 100. రాత్రి రెండింటికి, అయిదింటికి పట్టాల్సిన పాలు దాటిపోతే తెల్లవారుజామున షుగర్ పడిపోయి, ఒళ్లు చల్లబడి పోతారు ఆ పిల్లలు. అక్కడ తెల్లవారుజాము మరణాలు ఎక్కువగా ఉంటే, నేనైతే ముందు రాత్రి పాల పట్టికే చూస్తాను. తల్లుల్ని లేపి కప్పులు పట్టించే పని పెద్ద చికిత్స. కోలుకున్నాక ఇచ్చే వేరుశనగ ముద్దను వాళ్లు చిపొండే అంటారు.

ఇక కాన్పుల గది. మీ రిజిస్ట్రేషన్‌లో మిడ్‌వైఫ్ అని ఉంది కాబట్టి మిమ్మల్ని అక్కడా వేస్తారు. చదువుకునే రోజుల తర్వాత కాన్పు చేయలేదంటే, వెళ్లేలోగా ఒక నెల సెలవు పెట్టి ప్రభుత్వ మాతాశిశు ఆసుపత్రిలో అనుమతి తీసుకుని నిలబడండి. ఇరవై కాన్పులైనా మీ చేతిమీద జరగాలి. కడుపులో బిడ్డ గుండె చప్పుడు తల్లి పొట్టకు ఆనించే పినార్డ్ గొట్టంతో వినడం అలవాటు చేసుకోండి, అదే చప్పుడు వినిపించే డాప్లర్ యంత్రం బ్యాటరీ రెండేళ్లు రాదు. పుట్టిన బిడ్డను తుడిచి, రుద్ది, ఏడవకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగుతో గాలి ఇవ్వాలి. డ్యూటీలోకి రాగానే మాస్కును అరచేతికి నొక్కి బ్యాగు పిసికి చూడండి, గాలి పక్కనుంచి పోతుంటే అప్పుడే మార్చండి. గుర్రపువాతానికి, అంటే కాన్పు వేళ వచ్చే ఫిట్స్‌కు, మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు నరానికి 4 గ్రా., కండకు ఒక్కో పిరుదుకు 5 గ్రా. 50% మందు 8 మి.లీ.కి 12 మి.లీ. సెలైన్ కలిపితే నరానికి ఇవ్వాల్సిన 20 మి.లీ. అవుతుంది, అయిదు నిమిషాలకు తగ్గకుండా ఇవ్వండి. మనకు అలవాటైన ఆంపూల్ 2 మి.లీ.ది. అక్కడ 10 మి.లీ.ది రావచ్చు, ఆంపూళ్లు లెక్కపెట్టి కాదు, గ్రాములు చదివి ఇవ్వాలి. మళ్లీ ఇచ్చేముందు మోకాలి రిఫ్లెక్సు, ఊపిరి నిమిషానికి 16కి తగ్గలేదా, మూత్రం వస్తోందా చూసుకుని, విరుగుడుగా కాల్షియం గ్లూకొనేట్ పక్కన పెట్టుకోండి.

కాన్పుకి వచ్చే తల్లి తనతో నల్ల ప్లాస్టిక్ పట్టా, బ్లేడు, రెండు మూడు చితేంజేలు తెచ్చుకుంటుంది. చితేంజే అంటే రెండు మీటర్ల పువ్వుల గుడ్డ. అదే లుంగీ, అదే దుప్పటి, అదే బిడ్డను వీపున కట్టుకునే ఉయ్యాల. నెలలు నిండని బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనించి కట్టడానికీ అదే. ఇంక్యుబేటర్ కోసం చూడకండి, ఆ ముడి గట్టిగా, బిడ్డ మెడ వాలకుండా కట్టడం అక్కడి అటెండెంటు దగ్గర నేర్చుకోండి.

శుభ్రత గురించి కొంచెం. 0.5% క్లోరిన్ నీటికి మన బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరుకు 14 గ్రా. వేస్తాం. అక్కడ దొరికే 70% గుళికలైతే 7 గ్రా. చాలు. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి. ఆవిరితో పరికరాలు శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో చుట్టిన ప్యాకులకు 121 డిగ్రీల్లో 30 నిమిషాలు, అదీ వేడి అందాక లెక్క. కట్టెల మీద పెట్టేది అయితే మంట తగ్గినప్పుడల్లా లెక్క మళ్లీ మొదలు. తడిగా బయటికొచ్చిన ప్యాకు స్టెరైల్ కాదు, టేపు రంగు మారినా సరే.

మనుషుల సంగతి. ఆ ఆసుపత్రిని నడిపేది క్లినికల్ ఆఫీసర్లు. మూడేళ్ల డిప్లొమా, ఏడాది ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు. మలావీ జిల్లాల్లో సిజేరియన్లలో ఎక్కువ భాగం చేసేది వాళ్లే. ఎంబీబీఎస్ కాదు కదా అని చిన్నచూపు చూస్తే మొదటి రాత్రే నష్టపోతారు. 'మా ఐసీయూలో ఇలా చేస్తాం' అన్న మాట మొదటి నెల నోటి నుంచి రానివ్వకండి. మార్చాల్సింది కనిపిస్తే రాసి పెట్టుకోండి, నెల తర్వాత అందులో సగం ఎందుకు అలా ఉందో మీకే తెలుస్తుంది. మిగతా సగం నర్సులకు పెద్ద అయిన మేట్రన్‌తో విడిగా చెప్పండి. రోగి వెంట వచ్చే బంధువును గార్డియన్ అంటారు. వండేది, ఒళ్లు తుడిచేది, రాత్రి మిమ్మల్ని లేపేది ఆ గార్డియనే. బిడ్డ ఎక్కువగా ఎగశ్వాస తీస్తే పిలవమని చేత్తో చూపించి చెప్పండి, మానిటర్ కన్నా బాగా పనిచేస్తారు. ప్రసూతికి, పసిపిల్లలకు ప్రభుత్వ ఒప్పందం ఉన్నచోట ఉచితం, మిగతావాళ్లు ఎంతో కొంత కట్టాలి. ఆలస్యంగా తెచ్చారని తల్లిని కోప్పడే ముందు, దారి ఎంత, వాగు పొంగిందా, డబ్బు ఎవరిని అడగాల్సి వచ్చిందో ఆలోచించండి.

పలకరింపు లేకుండా పని మొదలుపెట్టడం అక్కడ మొరటుతనం. పొద్దున 'మ్వాజుకా బ్వాంజీ', కృతజ్ఞతకు 'జికోమో'. మలేరియా 'మలుంగో', ఎన్ని రోజులు 'మసికు అంగాతి', కాన్పులో ముక్కమనడానికి 'కంఖని', ఊపిరి తీసుకోమనడానికి 'పుమాని'. తల్లిని 'అమాయి' అంటారు, మీ చెవికి అమ్మాయి అని వినిపిస్తుంది. ఇవి చిచేవా మాటలు. ఉత్తరాన ఎక్వెండేని, ఎంబాంగ్వేని వైపు అయితే తుంబూకా మాట్లాడతారు, ముందే కనుక్కోండి. రోజు ఏడున్నర ప్రాంతాన ప్రార్థనతో, వెంటనే రాత్రి రిపోర్టుతో మొదలవుతుంది. పోయినవారి పేర్లు కూడా అందులో చదువుతారు. ఫిబ్రవరిలో ఆ జాబితా పొడుగ్గా ఉంటుంది. మీ చేతుల్లో పసివాళ్లు పోతారు, ఇది ముందే చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. ప్రతి మరణం తర్వాత ఆ రాత్రి ఏం జరిగిందో వరసగా ఒక నోటుబుక్కులో రాసి, మర్నాడు తోటి నర్సుతో కూర్చుని చదవండి. మందు లేక పోయిందా, మనం చూడక పోయిందా అన్నది విడదీసుకోకపోతే నిద్రపట్టదు.

మీ అమ్మగారికి చెప్పండి, అక్కడ నిజమైన ప్రమాదాలు దోమ, రాత్రి ప్రయాణం, సూది. దోమతెరతో పాటు మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ రోజుకు 100 మి.గ్రా. చొప్పున, వెళ్లే ముందు రోజు నుంచి వచ్చాక నాలుగు వారాల దాకా వాడేవాళ్లున్నారు. రెండేళ్ల పాటు ఏది మీకు సరిపడుతుందో డాక్టరుతో తేల్చుకోండి. జ్వరం వస్తే ఆ పూటే పరీక్ష చేయించుకోవాలి. చీకటి పడ్డాక రోడ్డెక్కనని అమ్మకు మాటివ్వండి. మలావీ సరస్సులో దిగితే బిల్హార్జియా అనే పురుగుల జబ్బు పట్టుకోవచ్చు. 2020-21 సర్వేలో పెద్దవాళ్లలో నూటికి సుమారు తొమ్మిది మందికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలిన దేశం. సూదికి మూత మళ్లీ పెట్టకండి. గుచ్చుకుంటే పిండకుండా సబ్బుతో కడిగి, వీలైతే రెండు గంటల్లో హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు మానకూడదు. హెపటైటిస్-బి మూడు డోసులు పూర్తయ్యాయా, యాంటీబాడీ వచ్చిందా ఇప్పుడే చూపించుకోండి. ఎల్లో ఫీవర్ దేశాల మీదుగా విమానం ఉంటే ఆ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

తిండికి బెంగపడనవసరం లేదు. మొక్కజొన్న ముద్ద న్సిమా, కూర, ఎండుచేప ఉసిపా రోజూ ఉంటాయి. మన కందులే అక్కడ నండోలో, చింతపండు బ్వెంబా, మునగాకు కూడా దొరుకుతుంది, పప్పుచారుకి లోటుండదు. కుక్కరు తీసుకెళితే గాస్కెట్లు రెండు అదనంగా పెట్టుకోండి.

పెట్టెలో తలకు కట్టుకునే రీచార్జి టార్చి, సెకన్ల ముల్లు వాచీ, మీ స్టెత్, పిల్లల ప్రోబ్ ఉన్న ఆక్సిమీటర్, కడగడానికి వీలైన మూసిన చెప్పులు, మూడు చదరపు పిన్నుల అడాప్టర్ ఉంటే చాలు. పెద్ద యంత్రాలు ఎవరైనా దానమిస్తామంటే ఊరికే ఒప్పుకోకండి. అమెరికా నుంచి వచ్చే 110 వోల్టులవి 230లో పెట్టగానే కాలిపోతాయి, మిగతావి విడిభాగాలు లేక వరండాలో తుప్పు పడతాయి.

ఈ వారమే మేట్రన్‌కు రాయండి. రాత్రి పిల్లల వార్డులో ఎంతమంది డ్యూటీలో ఉంటారు, పనిచేస్తున్న కాన్సంట్రేటర్లు ఎన్ని, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పని పర్మిట్ నేను చేరేలోగా వస్తాయా, గ్లూకోమీటర్ ఏ కంపెనీది అని అడగండి. స్ట్రిప్పులు ఆ కంపెనీవే పనిచేస్తాయి, ఎక్కువగా అయిపోయేవీ అవే. మీటరు పేరు తెలియగానే గడువు ఏడాది పైన ఉన్నవి చూసి నాలుగు డబ్బాలు కొని, చెకిన్ బ్యాగులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.